పాత ఫైండర్ తప్పు చెప్పలేదు

ఏడేళ్లుగా నేను మోస్తున్న బరువు చిటికెన వేలంత పొడవున్న ఒక కాగితం టేపు. నవ్వొస్తే నవ్వుకోండి. నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. ఇంత చిన్నదానికి ఇంత బాధేమిటే అని నన్ను నేనే కసురుకునేదాన్ని. కసిరితే పోయేదైతే ఈపాటికి పోయేది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకి చెప్పబోతే వాళ్ల మొహం చూసి మధ్యలో మాట మార్చేస్తాను, ఆ విద్య నాకు బాగా వచ్చు. నా పేరు చెప్పను. కానీ ఆ రోజు ఆ షూటింగ్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే నేనెవరో ఇట్టే కనిపెట్టేస్తారు. కనిపెట్టనివ్వండి.

ముందు ఒక సంగతి. నేను మంచి కెమెరామన్‌ని. ఆడదాన్నైనా ఫిల్మ్‌నగర్‌లో అందరూ కెమెరామన్ అనే అంటారు, నాకూ అదే ఇష్టం. ఏ లెన్సు వేస్తే గదిలో ఎంత పడుతుందో గుమ్మంలో నిలబడే చెప్పగలను. ఒప్పుకోలు రాస్తున్నాను కదా అని పని రానిదాన్నని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. పని వచ్చు. వచ్చు కాబట్టే ఆ తప్పు అంత శుభ్రంగా చేశాను.

ఆ పని నాకు నేర్పిన మనిషిని ఇక్కడ పట్టాభి గారు అంటాను. అసలు పేరు అది కాదు. తెనాలి వైపు వారు. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమతో పాటు ఇక్కడికొచ్చి, యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో ఇల్లు తీసుకుని స్థిరపడ్డారు. మెడలో ఎప్పుడూ నల్ల తాడుకి ఒక ఫైండర్ వేలాడుతుండేది. ఫైండర్ అంటే కంటికి పెట్టుకుని చూసే చిన్న గొట్టం. కెమెరా తేకముందే ఏ లెన్సుతో ఎంత కనిపిస్తుందో అందులో చూసుకుంటాం. చుట్టూ రింగు ఉంటుంది. రింగు తిప్పుతూ పోతే దృశ్యం దగ్గరవుతుంది, లేదా వెడల్పవుతుంది. నచ్చిన చోట ఆపి రింగు మీద అంకె చదివితే అదే మనకి కావలసిన లెన్సు. ఆయన “నలభై” అంటే నలభై తెచ్చి కెమెరాకి బిగించడమే, మారు మాట లేదు.

తర్వాత లార్జ్ ఫార్మాట్ కెమెరాలు వచ్చాయి. వాటి లోపల సెన్సరు పెద్దది. కిటికీ పెద్దదైతే అదే కుర్చీలో కూర్చున్నా వీధి ఇంకాస్త కనిపిస్తుంది కదా, అలాగే పాత లెన్సు అంకెకే కొత్త కెమెరాలో దృశ్యం వెడల్పుగా పడుతుంది. పాత ఫైండర్ మీది అంకెలు పాత కెమెరాల కోసం చెక్కినవి, కొత్తవాటికి కుదరవు. అందుకని చాలామంది కొత్త ఫైండర్లు తెప్పించుకున్నారు. వాటిలో ఏ కెమెరాకో ఎంచుకోవడానికి వేరే చక్రం ఉంటుంది.

రెండూ వాడినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కొత్తది బరువు, గంటసేపు వేసుకుంటే మెడ పీకుతుంది. కానీ అంచు దాకా ఖచ్చితంగా కనిపిస్తుంది, కళ్లజోడు తియ్యక్కర్లేదు. పాతదాంట్లో మూలలు నల్లబడతాయి, మొహాలకి కాస్త పసుపు ఛాయ వస్తుంది. అయినా పాతదాంట్లో చూస్తున్నప్పుడు ఫ్రేము బయట ఏముందో మనసు మర్చిపోతుంది. కొత్తదాంట్లో నాకు ఆ మరుపు ఇంతవరకూ రాలేదు. ఈ మాట ఆయనతో అంటే, “కవిత్వం ఆపి లైట్ మీటర్ పట్టుకో అమ్మాయ్” అనేవారు.

ఆయన కొత్తది కొనలేదు. రెండు రోజులు కెమెరాల ఆఫీసులో కూర్చుని, కొత్త కెమెరాని, పాత ఫైండర్‌ని పక్కపక్కన పెట్టి చూసి, కొత్త అంకెలు కాగితం టేపు మీద సన్నటి పెన్నుతో రాసి, పాత అంకెల మీద అంటించారు. అంతే, పాత ఫైండర్ కొత్త కెమెరా భాష మాట్లాడింది. దానికి ఆయన పడ్డ సంబరం మీరు చూడాలి.

ఇక నా చేతి సంగతి.

ముహూర్తం రోజు సామానుకి పూజ చేస్తారు. కెమెరాకి, లెన్సు పెట్టెలకి, క్లాప్ బోర్డుకి గంధం, కుంకుమ పెడతారు. ఎవరో ఉత్సాహవంతుడు ఫైండర్‌కి కూడా మూడు బొట్లు పెట్టాడు, సరిగ్గా రింగు మీద. పూజ చేసిన సామాను ఆ రోజు తుడవకూడదని మా యూనిట్లో పట్టింపు. మర్నాటికి గంధం ఎండి రింగు సందుల్లో గట్టిపడింది. నేను ఆయనకి మొదటి అసిస్టెంట్‌ని, తుడిచే పని నాది. తడిగుడ్డ పెట్టి రుద్దాను. కుంకుమతో పాటు టేపూ ఊడొచ్చింది.

వెంటనే కొత్త టేపు కోశాను. అంకెలన్నీ ఆయన చేతిరాతలాగే దింపాను. అంటించేటప్పుడు మాత్రం టేపు రింగు మీది ఒక్క గీత పక్కకి పడింది. యాభై ఉండాల్సిన చోట నలభై వచ్చింది. అప్పటికి నాకు తెలియదు. ఇది చేతి తప్పు, ఎవరికైనా జరుగుతుంది, దీనికి నేను ఏడవడం లేదు. కానీ టేపు ఊడిందని ఆ పొద్దునే ఆయనకి చెప్పి ఉండొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? మాది మోతీనగర్‌లో క్రైస్తవ కుటుంబం. కుంకుమ తుడిచింది క్రైస్తవుల పిల్ల, ఏదో చెడగొట్టింది అని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాననే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఉత్త సాకు. పట్టాభి గారు ఏటా క్రిస్మస్‌కి మా ఇంట్లో భోంచేసే మనిషి. అసిస్టెంట్లందరిలోకీ జాగ్రత్త గలదాన్నని నాకో పేరుంది. ఆ పేరు పోతుందని చెప్పలేదు. అంతకు మించి ఏమీ లేదు.

మొదటి షాటు హాల్లో. ఆయన ఫైండర్‌లో చూసి “నలభై” అన్నారు. లెన్సు వేశాం. మానిటర్‌లో చూస్తే గోడ అయిపోయి, దాని వెనక చెక్కల ఊతాలు, ఒక లైట్ స్టాండు బయటపడ్డాయి. సెట్టు వేసిన మేస్త్రి షేక్‌పేట మనిషి, లబోదిబోమన్నాడు. “సార్ చూపెట్టినకాడికే గోడ లేపినం అమ్మా! గిదెట్ల కనవడుతుందో నాకైతే సమజైతలేదు.” పట్టాభి గారు నవ్వేసి, యాభై వేయించారు. ఫ్రేము సరిపోయింది.

రెండో రోజు మళ్లీ అదే జరిగింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక నేను ఫైండర్ తీసి కెమెరా పక్కన పెట్టి చూశాను. ఒక్క చూపుకే తెలిసిపోయింది. పరుగెత్తుకెళ్లి చెప్పాలని లేచాను కూడా. లేచినదాన్ని మళ్లీ ఎందుకు కూర్చున్నాను? భయం. ఒట్టి భయం. అదైనా ఆ ఒక్క మధ్యాహ్నమే ఉంది, నిజం చెప్పొద్దూ!

ఎందుకంటే సాయంత్రం ప్రొడక్షన్ మేనేజర్ నా పక్కకి వచ్చాడు. పట్టాభి గారికి కొన్నాళ్ల కిందటే శుక్లాల ఆపరేషన్ అయింది. “పెద్దాయనకి ఆపరేషనయ్యాక చూపు కుదురుకోలేదనుకుంటానండీ. మరీ అవసరమైతే మీరు లాగించగలరా?” అని మెల్లగా అడిగాడు. “చూద్దామండీ” అన్నాను. ఆ మాటలో ఎంత ఆకలి ఉందో అతనికి వినబడిందో లేదో గాని, నాకు వినబడింది. పన్నెండేళ్లు అసిస్టెంట్‌గా చేసినదాన్ని. నాతో మొదలైనవాళ్లందరూ కెమెరామన్లయిపోయారు. ఇవన్నీ కారణాలే. ఏ ఒక్కటీ చాలదు.

మూడో రోజు మెట్ల షాటు. క్రేను మీద కెమెరా. హీరో పైనుంచి దిగుతుంటే కెమెరా ఆయనతో పాటు దిగాలి. పట్టాభి గారు రెండుసార్లు చూసుకుని, మూడోసారి కళ్లజోడు తుడుచుకుని మరీ చూసుకుని “నలభై” అన్నారు. నాకు తెలుసు అది యాభై అని. లెన్సు నేనే అందించాను. మానిటర్‌లో మెట్ల పైన కప్పు లేని సెట్టు, దాని మీద వరసగా లైట్లు. మళ్లీ క్రేను దింపి, లెన్సు మార్చి, బరువులు సరిచేసేసరికి హీరోకి ఇచ్చిన టైము అయిపోయింది. హీరో వెళ్లిపోయాడు. ఫ్లోర్ మీద ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అనకపోవడమే పట్టాభి గారికి దెబ్బలా తగిలింది. నేను తేలు కుట్టిన దొంగలా లెన్సులు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం నిర్మాత మాట పంపాడు. రేపు కొత్త ఫైండర్ తెప్పించండి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కెమెరాతో సరిచూడండి, లోపం ఎక్కడుందో తేలిపోతుంది. న్యాయమైన మాట. ఆ సరిచూసే పని నాకు పడింది.

మర్నాడు అందరికంటే గంట ముందు వెళ్లాను. ఫైండర్ లెన్సు పెట్టెలో ఉంటుంది, తాళం నా దగ్గర. టేపు పీకి, గీతకి గీత కలిపి, ఉండాల్సిన చోట అంటించాను. తప్పు దిద్దానా? దిద్దాను. ఆ గంటంతా అదే చెప్పుకున్నాను. కానీ అప్పుడు దిద్దితే ఏమవుతుందో నాకు తెలియదా? ఫైండర్‌ది తప్పని తేలితే ఆయన కన్ను బతుకుతుంది. ఫైండర్ సరైనదేనని తేలితే ఆ తప్పు వెళ్లి పడడానికి ఇంకొక్క చోటే మిగులుతుంది. అది తెలిసే, టేపుని బొటనవేలితో రెండుసార్లు నొక్కాను. మూడు రోజులుగా నేను నోరు మూసుకోవడం పిరికితనం అనుకోండి, ఒప్పుకుంటాను. ఆ పొద్దున చేసింది మాత్రం పిరికితనం కాదు.

పరీక్షకి పట్టాభి గారు లోపలికి రాలేదు. “అనుమానం నా కన్ను మీదే కదా, మళ్లీ నేనే చూస్తే ఏం లాభం? నువ్వు చూసి చెప్పు” అని బయట బెంచీ మీద కూర్చున్నారు. దర్శకుడు, మేనేజర్, మేస్త్రి నా వెనక నిలబడ్డారు. కొత్త ఫైండర్‌లో యాభై, పాతదాంట్లో యాభై, కెమెరాకి యాభై. గోడ అంచు మూడింట్లోనూ ఒకే చోట తెగింది. నలభై పెట్టినా అంతే, డెబ్భై అయిదు పెట్టినా అంతే. దర్శకుడు పెద్దగా ఊపిరి వదిలి వెళ్లిపోయాడు.

నేను బయటికి వచ్చాను. ఆయన చేతిలో టీ గ్లాసు ఉంది, తాగలేదు.

“ఏమైందమ్మాయ్?”

“రెండూ ఒక్కటే చెబుతున్నాయి సార్. కెమెరాతో సరిపోయాయి.”

“పాతది కూడానా?”

“పాతది కూడా.”

టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశారు. తర్వాత, లెక్క తప్పిన పిల్లాడు మాస్టార్ని అడిగినట్టు అడిగారు. “మూడుసార్లూ ఒకే వైపు తప్పిందమ్మా. కన్ను తప్పితే ఓసారి అటు, ఓసారి ఇటు తప్పాలి కదా. టేపేమైనా జరిగిందేమో చూశావా?”

“చూశాను సార్. మీరు అంటించినట్టే ఉంది.”

చూశారా? ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు. ఆ నిమిషానికి టేపు ఆయన అంటించినట్టే ఉంది. కోర్టులో ప్రమాణం చేసి చెప్పినా నిలబడే మాట. నా జీవితంలో నేనాడిన అన్ని అబద్ధాల కంటే నీచమైనది ఆ నిజం.

ఆయన తల ఊపారు. “కంట్లో కొత్త లెన్సు పెట్టారుగా. అదే సైజు మార్చి చూపిస్తోందేమో. గాజుది తప్పు కాదన్నమాట.” అని లేచి లోపలికి వెళ్లి, దర్శకుడి భుజం మీద చెయ్యి వేసి, “మిగతా పిక్చరు మా అమ్మాయి చేస్తుంది. నాకంటే బాగా చూస్తుంది” అన్నారు. నేను ఆయన కాళ్లకి దండం పెట్టాను. ఎలా పెట్టగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సినిమా ఆడింది. కెమెరామన్‌గా నా పేరొక్కటే తెర మీద పడింది. మా చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పే అలవాటుంది, దేవుడు తమకి చేసిన మేలు లేచి అందరి ముందూ చెబుతారు. అమ్మ బలవంతం మీద నేనూ లేచాను. మూసిన తలుపు దేవుడు తెరిచాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు, అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గొళ్లెం తీసింది ఎవరో నాకు తెలుసు. ఇప్పటికీ అమ్మ చుట్టాలందరికీ ఆ సాక్ష్యం చెబుతుంది. దేవుడి మీద కూడా నేరం మోపినదాన్ని, ఇంక నాకు అడ్డేముంది?

పట్టాభి గారు మళ్లీ కెమెరా ముట్టలేదు. కంటి డాక్టరు చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడట. “డాక్టరు అక్షరాలు చదివిస్తాడు గాని ఫ్రేము చదివించడు కదా” అని కొట్టిపారేశారు. పిలిచిన ఇద్దరు నిర్మాతలకీ లేదనేశారు. నేను పండక్కి స్వీట్లు పట్టుకుని వెళితే, నా సినిమాలు టీవీలో ఎన్నిసార్లు చూశారో చెప్పి మురిసిపోయేవారు. ఆ మురిపెం చూసి తిరిగొచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. అయినా మర్నాడు షూటింగుకి వెళ్లేదాన్ని, బాగానే తీసేదాన్ని. బాధ పని చెడగొడుతుందంటారు. నాకు చెడగొట్టలేదు.

పోయిన నెల ఒక ఫిల్మ్ స్కూల్లో మాట్లాడమన్నారు. పాత ఫైండర్లు, కొత్త ఫైండర్లు, లార్జ్ ఫార్మాట్‌కి ఏది నమ్మాలి అనేది విషయం. నాకు కొట్టిన పిండి. మూడు రోజులు వరసగా ఫ్రేములు వెడల్పుగా పడడంతో పరీక్ష పెడితే, మా గురువుగారి పాత ఫైండర్ కొత్తదానితో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిన కథ చెప్పాను. ఎప్పుడూ చెప్పే కథే, చప్పట్లు పడే కథ. వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చాడట, నెత్తిన సగం తెల్లజుట్టు. “ఫైండర్ అంత కరెక్టైతే, మూడు రోజులూ ఫ్రేములు అన్నేసి సార్లు, అదీ ఒకే వైపు, ఎలా తప్పాయి మేడమ్?” అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఏడేళ్లలో ఆ ప్రశ్న రెండోసారి విన్నాను. మొదట అడిగిన మనిషిని జవాబు చెప్పి చంపేశాను. ఈసారి మైకు పక్కన పెట్టేశాను.

ఆ వారమే యూసుఫ్‌గూడ వెళ్లాను. పట్టాభి గారు ఒక్కరే ఉన్నారు. కూర్చోకుండానే చెప్పేశాను, కూర్చుంటే మాట మార్చేస్తానని. గంధం, తడిగుడ్డ, గీత, మధ్యాహ్నం, అన్నీ. పరీక్ష రోజు పొద్దున చేసింది కూడా. దాన్ని మింగేసి, పొరపాటున తప్పు అంటించానని మాత్రం చెబితే చాలు కదా అని మెట్ల మీద అనుకున్నాను. మింగలేదు.

ఆయన అంతా విన్నారు. తర్వాత, “ఎన్ని గీతలు జరిగింది?” అన్నారు.

“ఒక్కటి సార్. యాభై దగ్గర నలభై పడింది.”

కళ్లు మూసుకున్నారు. కుడిచేతి వేళ్లు గాలిలో రింగు తిప్పుతున్నట్టు మెల్లగా కదిలాయి. “అయితే మెట్ల షాటు నేను చూసిందే కరెక్టు.”

“మీరు చూసిందే కరెక్టు సార్.”

కళ్లు తెరిచారు. తిడతారేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆయన కిటికీలోంచి కిందున్న రోడ్డు వైపు చూస్తూ అన్నారు. “ఏడేళ్లుగా మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నానమ్మా. బండి ఎంత దూరంలో ఉందో నా కంటికి తెలియదని. ఇవాళ నువ్వొచ్చి నీ కన్ను మంచిదేనంటే, ఆ చెయ్యి వదిలే ధైర్యం ఎక్కణ్ణించి తెచ్చుకోను?”

నేను క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు, అడిగితే ఆయన క్షమించేస్తారేమోనన్న భయం కూడా ఉంది. “ఇక వెళ్లమ్మా” అన్నారు. వెళ్లాను.

ఆయనకి చెప్పాను కాబట్టి అయిపోయిందనుకోవడం లేదు. ఆయన కన్ను పోయిందన్న మాట కృష్ణానగర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఏడేళ్లుగా తిరుగుతోంది. దాన్ని తిప్పిన నోళ్లలో ఒకటైనా ఇది చదువుతుందని రాస్తున్నాను. ఆయన ఒక్క ఫ్రేము కూడా తప్పు చూడలేదు. టేపు నేను తప్పు అంటించాను, తెలిసి దాచాను, పరీక్షకి ముందు తెలిసే దిద్దాను, ఆయన సినిమా నేను తీసుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాశాక నాకు తేలిగ్గా ఉంది. ఆయన ఇంకా కిటికీ దగ్గరే కూర్చుని ఉంటారని తెలిసి కూడా, సిగ్గు లేకుండా, తేలిగ్గా ఉంది.